నాలుగో పేరు

మూడో పేరు దాకా గుడ్డ గట్టిగానే నడిచింది. నాలుగో పేరు దగ్గరకు రాగానే నొయెమీ చెయ్యి ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి, ఆ పేరును దాటి, అయిదో పేరు మీద వాలింది. నలభై ఒక్క ఏళ్ళుగా ప్రతి శనివారం పొద్దున ఇదే వరస. ప్రార్థన మందిరం గోడకు బిగించిన ఇత్తడి పలక మీద పదకొండు పేర్లున్నాయి. రాజుగారు వదలమన్న మతాన్ని వదలనందుకు ఓడల్లో గొలుసులు వేసి తెడ్లు వేయిస్తే, అక్కడే ప్రాణాలు వదిలిన లకొంబ్ ఊరి మగవాళ్ళ పేర్లవి. పదిమందికి సుద్దపొడి, వెనిగరు, మోచేతి బలం అన్నీ అందేవి. నాలుగోవాడు ఎతియెన్ రువియేర్‌కి మాత్రం పైపైన దుమ్ము దులపడంతో సరి.

"నీకు తళతళలు దేనికి? ఉన్న కీర్తి చాలు" అని ఆ పేరుతో అప్పుడప్పుడు పైకే అనేది నొయెమీ.

చచ్చి మూడొందల ఏళ్ళు కావస్తున్న మనిషి మీద ఆమెకు పగేమిటి పాపం! పగంతా ఆ వంశంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి మీద. ఎద్మే రువియేర్. రిటైరైన టీచరమ్మ. ఒకే ఏడు పుట్టారు, ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. అక్కడితో పోలిక ఆఖరు.

లకొంబ్‌లో ఇంటిపేరు చెబితే చాలు, మూడొందల ఏళ్ళ కిందట మీ ముత్తాతకు ముత్తాత ఏం చేశాడో ఎదుటివాడు మీకే చెబుతాడు. రాజుగారి గుర్రపు సైనికులు ఊళ్ళోకి దిగిన మర్నాడు పొద్దున, రాజుగారి మతంలోకి మారుతున్నామని సంతకాలు పెట్టే పుస్తకం తెరిస్తే, అందులో మొదటి సంతకం నొయెమీ వంశానికి మూలపురుషుడు, ఉన్ని దువ్వే బాన్సియోన్‌ది. సాయంత్రానికి ఊరంతా పెట్టింది. రువియేర్లూ పెట్టారు. అయినా మొదటిది మొదటిదే. నాలుగేళ్ళ తర్వాత అడవిలో దొంగచాటుగా ఆరాధన చేసుకుంటూ దొరికిపోయి ఎతియెన్ రువియేర్ ఓడ ఎక్కాడు, వాళ్ళ సంతకం కడుక్కుపోయింది. బాన్సియోన్లది ఎవరూ కడగలేదు.

నొయెమీకి తొమ్మిదేళ్ళప్పుడు, గురువారం బైబిలు క్లాసులో, ఎద్మే ఈ పలక దగ్గరే నిలబడి నాలుగో పేరు మీద వేలు పెట్టింది. "మా తాత ఇక్కడున్నాడు. మీ తాత ఎక్కడే?" అంది. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ రోజు నొయెమీ ఏడవలేదు. ఏడిస్తే ఎప్పుడో మరిచిపోయేది. తల్లి తర్వాత మందిరం తాళాలు తన చేతికి వచ్చిన మొదటి శనివారమే, నాలుగో పేరును గుడ్డ దాటేసింది.

ఇప్పుడామెకు అరవై తొమ్మిది. పొట్టి మనిషి, ఎముక లావు, మణికట్లు మగవాడివిలా ఉంటాయి. మోకాళ్ళు వాచి, మెట్టు దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగాలి. గోళ్ళ సందుల్లో ఇత్తడి నలుపు ఏ సబ్బుకూ వదలదు. నీలం ఆప్రాన్ జేబులో ఎప్పుడూ మైనపు ముక్క, తాళాలగుత్తి, ఎండిన రొట్టె చెక్క. భర్త పోయి ఇరవయ్యేళ్ళు. అతనూ బాన్సియోనే, దూరపు చుట్టం. పెళ్ళితో కూడా ఆ ఇంటిపేరు ఆమెను వదల్లేదు.

రేపు ఆదివారం మందిరానికి నూట యాభై ఏళ్ళు నిండుతాయి. దానికి ముందున్న మందిరాన్ని రాజుగారి మనుషులు రాయి మీద రాయి లేకుండా కూల్చారు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా గుహల్లోనూ, చెస్ట్‌నట్ తోపుల్లోనూ ఆరాధన. చివరికి కట్టుకున్నది ఇది. తెల్లటి గోడలు, బొమ్మల్లేవు, రంగుటద్దాల్లేవు, ఎత్తుమీద ఒక ప్రసంగ పీఠం, కింద ప్రభువు బల్ల, ఇనుప పొయ్యి, ముప్పై బెంచీలు. చూసేవాళ్ళకు ఖాళీగా ఉంటుంది. తుడిచేవాళ్ళకు తెలుసు ఎంత ఉందో.

పదిగంటలకు పాస్టర్ గ్రాఫ్ గారి కారు వాకిట్లో ఆగింది. కుర్ర పాస్టరు, వచ్చి మూడేళ్ళు కాలేదు. రెండు అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, గడ్డంతో అదిమి పట్టుకుని లోపలికొచ్చాడు.

"పుస్తకాలొచ్చేశాయండీ నొయెమీ గారూ! ఎద్మే గారి పుస్తకం! రెండొందల కాపీలు. అబ్బ, ఏం రాశారండీ ఆవిడ. పదేళ్ళు నీమ్ పట్నంలో పాత కాగితాల మధ్య కూర్చున్నారట. ఇలాంటి మనిషి సంఘానికి ఒక్కరుంటే చాలు."

"తడి నేల మీద పెట్టకండి. లోపలి గదిలో పెట్టండి."

"మీరూ ఒకటి చదవండి."

"నా కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి" అంది. కళ్ళద్దాలు మెడలో తాడుకు వేలాడుతూనే ఉన్నాయి. పాస్టరు గారు అవి చూసి కూడా పెట్టెలు లోపలి గదికి మోసుకెళ్ళాడు. మంచివాడే.

కారు మలుపు తిరిగిన చప్పుడు వినబడ్డాక ఆమె గదిలోకి వెళ్ళి తలుపు మూసింది. మందిరంలో ఇంకెవరూ లేరు, అయినా మూసింది. చేతులు ఆప్రాన్‌కు రెండుసార్లు తుడుచుకుని పై పుస్తకం తీసింది. ఆకుపచ్చ అట్ట, మీద మందిరం బొమ్మ, కింద ఎద్మే రువియేర్ అని పెద్ద అక్షరాలు. ఆ అక్షరాలు చూస్తేనే ఒళ్ళు మండింది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఈ పుస్తకంలో తన పేరు ఉందా లేదా. ఏడాదిగా అదే ధ్యాస. అడిగితే ఎద్మే ముందు చులకన. అడక్కపోతే నిద్ర లేదు. రువియేర్ల ఇత్తడి వాళ్ళకుంది. కాగితం మీద ఒక్క వరస తనకుంటే, మొదటి సంతకం పక్కన ఈ ఇంటిపేరుకు ఇంకో మాట కూడా ఉన్నట్టవుతుంది కదా.

పంతొమ్మిదో పేజీలో బాన్సియోన్ కనబడ్డాడు. "జాబితాలో మొదటి సంతకం ఇతనిది." అంతే. ఆమె గబగబా చివరికి తిప్పింది. అరవై నాలుగో పేజీ. మందిరానికి సేవ చేసినవారు. పద్నాలుగుమంది పాస్టర్లు. సంఘపెద్దలు. హార్మోనియం వాయించినవాళ్ళు, అందులో రెండు ఆదివారాలు వాయించి పారిపోయిన పోస్టుమాస్టరు కూతురు సహా. పొయ్యి ఇచ్చినవాడు. గంట పోతపోసినవాడు. అన్నిటికన్నా చివర: "పాస్టర్ అర్నాల్ గారి కుక్క బిజూ. తొమ్మిదేళ్ళు ఒక్క ఆరాధన కూడా మానకుండా ప్రసంగ పీఠం కింద పడుకున్నది."

దాని కింద ఇంకేమీ లేదు. తెల్ల కాగితం.

నొయెమీ ఆ పేజీని వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకు తిప్పింది. రెండు కాగితాలు అంటుకున్నాయేమోనని వేలు తడి చేసి చూసింది. ఆ తొమ్మిదేళ్ళూ ప్రసంగ పీఠం కింద కుక్క ఉచ్చ తుడిచింది ఎవరట?

మధ్యాహ్నం ఇంటికి పోలేదు. వెనక మెట్టు మీద కూర్చుని రొట్టె, మేకజున్ను, ఉల్లిపాయ నమిలింది. బతుకంతా ఇదే కదా అనుకుంది. ఎద్మేకి నీమ్‌లో చదువు, తనకు పన్నెండో ఏట పట్టుమిల్లులో పట్టుకాయలు ఉడికించే వేడినీళ్ళ తొట్టి. ఎద్మేకి టోపీలు, తనకు తలగుడ్డ. ఎద్మే నడిచొస్తే మగవాళ్ళు లేచి నిలబడతారు, తను నడిచొస్తే కాళ్ళు ఎత్తుతారు, కింద ఊడ్వడానికి. పెళ్ళి ఒక్కటే తనకు ఉండి ఎద్మేకి లేనిది. ఆ మొగుడూ మిల్లు పొగకు దగ్గిదగ్గి పోయాడు.

మూడుగంటలకు కర్ర చప్పుడు వినబడింది. ఎద్మే గుమ్మంలో ఆగి ఊపిరి పీల్చుకుంది. సన్నగా, పొడుగ్గా, గడ్డి టోపీతో, చంకలో తోలు సంచితో. పెదాలు నీలంగా ఉన్నాయి. డాక్టరు మెట్లెక్కవద్దన్నాడని ఊరంతటికీ తెలుసు. మందిరానికి ఏడు మెట్లు.

"ఏమే, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను? చీపురు నన్ను వదిలితేగా."

"రేపు పేర్లు నేనే చదవాలి. అందరూ గోడవైపు తిరిగి నిలబడతారు, నేను పలక చూస్తూ చదవాలని పాస్టరు గారి కోరిక. ఒకసారి గొంతు చూసుకుందామని వచ్చా."

"చూసుకో. నీ గొంతుకేం లోటు."

ఎద్మే పలక దగ్గరకు వెళ్ళింది. కళ్ళద్దాలు పెట్టుకుంది, తీసి తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. ముక్కు ఇత్తడికి తగిలేంత దగ్గరకు వంగింది.

"నొయెమీ, ఇలా రా. నాకు కళ్ళు పోయాయా, ఈ పేర్లు పోయాయా?"

నొయెమీ బకెట్టు దింపి వచ్చింది. ప్రతి శనివారం చూసే పలక. మొట్టమొదటిసారి చూసినట్టు చూసింది. పైమూడు వరసల్లో అక్షరాలు లేవు. అక్షరాలు ఉండేవని చెప్పే సొట్టలున్నాయి, అద్దంలా మెరుస్తూ. అయిదు, ఆరు, ఏడు అంతే. కింద అక్కడక్కడా ఒక తోక, ఒక సున్నా. ఆ మెరుపంతటి మధ్యా ఒకే ఒక్క వరస నల్లగా, లోతుగా, నిన్న చెక్కినట్టు నిలబడి ఉంది. ఎతియెన్ రువియేర్, ఇరవై ఆరేళ్ళు.

పదకొండు పేర్లూ ఆమెకు కంఠతా వచ్చు. అందుకే ఇన్నేళ్ళూ చదవలేదు, చూడలేదు. ముందు తల్లి రుద్దింది, తర్వాత తను రుద్దింది. పదిమందిని ప్రేమగా రుద్ది రుద్ది గోడలో కలిపేసింది.

ఎద్మే వేలు నాలుగో పేరు మీద ఆగింది. అటు చూసి, ఇటు చూసి, నొయెమీ ముఖం చూసింది. టీచరమ్మ కదా, తప్పు చేసిన పిల్ల ముఖం ఆమెకు ఎదురుగా బోర్డు మీద రాసినట్టే.

"నువ్వు మావాడిని తుడవవు కదూ?"

నొయెమీ చేతిలో గుడ్డను మడత పెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"తాళాలు చేతికొచ్చినప్పట్నుంచి."

ఎద్మేకి నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి, బెంచీ పట్టుకుంటేగానీ నిలబడలేకపోయింది. "ఓసి నీ కుళ్ళు చల్లగుండ! పదిమంది పోయారు, నీకు గిట్టనివాడు ఒక్కడు మిగిలాడటే! రేపు ఊరంతా గోడవైపు తిరిగి మా తాత పేరొక్కటే చదువుతారు!"

"నవ్వు. నవ్వుతావు. నీకేం! కుక్క పేరు రాశావు పుస్తకంలో. బిజూ! దాని ఉచ్చ తొమ్మిదేళ్ళు తుడిచాను. నేను లేకపోతే ఈ బెంచీలకు చెదలు పట్టేది, ఆ పొయ్యి మూడుసార్లు మీ నెత్తిన పేలేది. మావాడి సంతకం మాత్రం గుర్తుపెట్టుకుని పంతొమ్మిదో పేజీలో పెట్టావు. నా పేరు దగ్గరకొచ్చేసరికి నీ కలంలో సిరా అయిపోయిందా?"

"సంతకం పెట్టాడు కాబట్టి రాశాను. చరిత్రలో అబద్ధం రాయమంటావా?"

"నేనూ అబద్ధమేనా?"

ఎద్మే కూలబడినట్టు మొదటి బెంచీ మీద కూర్చుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. టోపీ లేకపోతే ఆమె తల ఎంత చిన్నదో నొయెమీ ఎప్పుడూ చూడలేదు.

"మర్చిపోయాను."

"నువ్వా? మర్చిపోవడమా?"

"మర్చిపోలేదు" అంది ఎద్మే, ఒళ్ళోని టోపీని చూస్తూ. "మూడుసార్లు రాశాను. మూడుసార్లూ కొట్టేశాను. నువ్వంటే నాకు పడదే. నీకు తెలీదు. మా అమ్మ పోయిన రోజునుంచీ పడదు."

ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి మాట. ఫిబ్రవరి. లకొంబ్‌లో ఎవరికి ఆఖరి ఘడియ వచ్చినా మందిరం తాళాలున్న మనిషి వెళ్ళి పక్కన కూర్చోవడం ఆనవాయితీ. ఎద్మే నీమ్‌లో ఉద్యోగంలో ఉంది. మంచుకు రైలు ఆగిపోయింది.

"నేను పరిగెత్తుకుంటూ వచ్చేసరికి మా అమ్మ చెయ్యి నీ చేతిలో ఉంది. చల్లబడిపోయింది. నువ్వు దుప్పటి సర్దుతున్నావు. ఆ ఇంటికి కూతురివి నువ్వేనన్నట్టు సర్దుతున్నావు. నాకు ఇత్తడి పలక ఉందని ఏడుస్తావు. ఆ గంటసేపు నాది, నువ్వు పట్టుకుపోయావు. ఏమైనా అందా అని అడిగితే, ఏమీ అనలేదన్నావు. ఊళ్ళో ఎవరు పోయినా నిన్నే పిలుస్తారు. వచ్చిన ప్రతి పాస్టరూ ముందు నొయెమీ ఎక్కడ అంటాడు. నన్నెవరూ పిలవరే. నాకోసం లేచి నిలబడతారు, అంతే."

నొయెమీ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. తన మీద ఒకరికి అసూయ! అదీ ఎద్మే రువియేర్‌కి! ఆ మాటను చప్పరిస్తున్నట్టు లోలోపల తిప్పుకుంది. అరవై ఏళ్ళ ఆకలికి అది కమ్మగా ఉంది. మరుక్షణమే సిగ్గేసింది. ఎందుకంటే ఎద్మేకి తెలియనిది ఇంకొకటి ఆమె దగ్గరుంది.

"అంది" అంది నొయెమీ.

"ఏమిటి?"

"మీ అమ్మ మాట్లాడింది. ఎద్మే బండి వచ్చిందా అని అడిగింది. రెండుసార్లు అడిగింది. వచ్చేసింది, స్టేషన్ నుంచి నడిచొస్తోంది అన్నాను. అయితే సరే అని కళ్ళు మూసుకుంది."

బయట ఏటి ఒడ్డున ఎవరో కట్టెలు కొడుతున్నారు.

"ఇరవై ఒక్క ఏళ్ళు" అంది ఎద్మే. "ఎందుకు చెప్పలేదే?"

"అంతా నీకే ఉంది కదా అని. అదొక్కటైనా నా దగ్గర ఉంచుకుందామని. చెప్పబుద్ధి కాలేదు."

"పాపిష్టిదానా" అంది ఎద్మే. గట్టిగా కూడా అనలేదు. టోపీ అంచు తడిమింది. క్షమించానని అనలేదు, నొయెమీ అడగనూ లేదు. చివరికి ముక్కు చీదుకుని సంచి తెరిచింది. బడిలో వాడే ఊదా సిరా కలం తీసింది.

"ఆ పెట్టెలు ఇటు లాగు."

"ఎందుకు?"

"లాగమన్నానా!"

పెట్టెలు బెంచీ పక్కకొచ్చాయి. ఎద్మే పై పుస్తకం తీసి అరవై నాలుగో పేజీ తెరిచి, సంచిని ఒళ్ళో బల్లలా పెట్టుకుని రాసింది. గుండ్రటి టీచరమ్మ దస్తూరీ. "నొయెమీ బాన్సియోన్. 1946 నుంచి ఈ మందిరం తాళాలు ఈమె చేతిలో ఉన్నాయి."

నొయెమీ ఆమె భుజం మీదుగా చదివింది. "కుక్క కిందా?"

"పైన చోటు లేదు. కావాలంటే కుక్కని కొట్టేస్తా."

"వద్దులే. మంచి కుక్క."

"రెండోది ఇవ్వు."

"రెండొందలూ రాస్తావా? చెయ్యి పడిపోతుంది."

"ముప్పై అయిదేళ్ళు బడిపిల్లల తప్పులు దిద్దిన చెయ్యి. నువ్వు నీ పని చూసుకో, నెత్తిమీద నిలబడకు."

నొయెమీ తన పని చూసుకుంది. రేపటి కీర్తనల నంబర్లు బోర్డు మీద పెట్టింది. ప్రభువు బల్ల మీద ఇస్త్రీ చేసిన గుడ్డ పరిచి, తోటలో కోసిన తెల్లపూలు జగ్గులో పెట్టింది. వెనక బెంచీలు తుడుస్తూ మధ్యమధ్య చెవి అటు వేసేది. కలం గరగర, పేజీ తిప్పిన చప్పుడు, పుస్తకం మీద పుస్తకం పడిన చప్పుడు. ఒక్కో చప్పుడుకు తన పేరు ఒక్కో ఇంటికి పోతున్నట్టు. ఈ ఇంటికి, ఆ ఇంటికి, మిల్లు యజమాని ఇంటికి. అంత సంతోషంలోనూ ఒక ముల్లు ఉండనే ఉంది. రాసేది ఎద్మే కదా, ఇది కూడా దాని దానమే కదా అని. ఛీ, నా బుద్ధి మండ, అనుకుంది.

ఆరుగంటలకు శనివారం గంట కొట్టాలి. పక్కకు తిరిగి ఒక్కో మెట్టే ఎక్కి, పై అరుగు మీద తాడు పట్టుకుంది. రేపు ఆరాధన ఉందని లోయంతా వినబడేలా మూడు దఫాలు కొట్టింది. గంట మోత చెవుల్లోంచి పోయేదాకా ఆగి కిందికి దిగింది. దిగడానికి ఎక్కినదానికన్నా ఎక్కువసేపు పట్టింది.

కలం చప్పుడు లేదు.

ఎద్మే బెంచీకి ఆనుకుని కూర్చునే ఉంది. తల కొద్దిగా గోడవైపు వాలింది. టోపీ నేల మీద ఉంది. కునుకు తీసిందనుకుని నొయెమీ టోపీ తీసి దుమ్ము దులిపింది. "ఏమే, సగం కూడా కాలేదు, అప్పుడే నిద్రా?" అంది. చెయ్యి ముట్టుకుంది. ఊరి ఆఖరి ఘడియలన్నీ చూసిన చెయ్యి ఆమెది, రెండోసారి ముట్టుకోనక్కర్లేదు.

మొదట వచ్చిన ఆలోచన ఏడుపు కాదు. ఇందులోనూ నువ్వే ముందా, అనిపించింది. నొప్పి లేకుండా, మంచం పట్టకుండా, మందిరంలో, మొదటి బెంచీలో, గంట మోగుతుండగా. ఇంత మంచి చావు తనకు రాదని నొయెమీకి తెలుసు. తను ఏ ఆసుపత్రిలోనో పోతుంది, పక్కన కూర్చోడానికి ఊళ్ళో మరో నొయెమీ లేదు. కుళ్ళుతో కడుపు భగ్గుమంది. ఆ మంటలోనే, అది ఎలా జరిగిందో తెలియకుండా, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. ఆమె ఎద్మే పక్కన కూర్చుని చల్లబడుతున్న ఆ చేతిని తన నల్లగోళ్ళ చేతిలోకి తీసుకుంది. ఎద్మే చివరిగా ఏమందో అడగడానికి ఎవరూ రారు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే. నెత్తిమీద నిలబడకు అంది.

పాస్టరు గారు వచ్చాడు, డాక్టరు వచ్చాడు, నలుగురు సంఘపెద్దలు వచ్చారు. రువియేర్ల చేలో, సైప్రస్ చెట్ల కింద, తల్లి సమాధి పక్కన చోటుందని మాట్లాడుకున్నారు. మోసుకెళ్ళేటప్పుడు టోపీ, కర్ర, తోలు సంచి కూడా తీసుకెళ్ళారు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. పడమటి కిటికీలోంచి బెంచీల మీద పడుతోంది.

"పుస్తకాలు రేపు పంచుదామా, వద్దా?" అన్నాడు పాస్టరు గారు గుమ్మం దగ్గర. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పంచండి. ఉన్నవి ఉన్నట్టే పంచండి. నా పేరున్నవి కొందరికి, లేనివి కొందరికి."

ఆయన వెళ్ళాక ఆమె రాసినవి ఒక పెట్టెలో, రాయనివి ఒక పెట్టెలో సర్దింది. ఒకటి మాత్రం ఏ పెట్టెలోనూ పెట్టలేక బెంచీ మీద వదిలేసి, తలుపు తాళం వేసుకుని వెళ్ళిపోయింది. మొదటి బెంచీ మీద, మూత తీసిన కలం పక్కన, ఆ ఆకుపచ్చ పుస్తకం అరవై నాలుగో పేజీ దగ్గర తెరిచే ఉంది. కుక్క పేరు కింద "నొయెమీ బా" దగ్గర అక్షరం ఆగిపోయి, ఊదా గీత ఒకటి కాగితం అంచుదాకా జారిపోయింది.